పడటం నేర్పిన కోచ్ సారు

కోచ్ సారు పోయారని నాకు మొన్న సౌదీలోని తాయిఫ్‌లో తెలిసింది. పొద్దున్నే ఆసుపత్రి మేడ మీద ఏసీ యంత్రాలు చూసుకుంటున్నాను. కొండల మీంచి చల్లగాలి వస్తోంది. జేబులో ఫోన్ మోగి ఆగింది. అమెరికా నెంబరు నుంచి ఎవరో మాట రికార్డు చేసి పంపారు. చెవి దగ్గర పెట్టుకుంటే ఆయన కూతురు. "నాన్న ఆదివారం మధ్యాహ్నం వెళ్లిపోయారు. నిద్రలోనే. మీకు తప్పకుండా చెప్పమని అమ్మ అంది" అని, "మీరందరూ బాగుండాలి" అని ముగించింది.

నాతో పనిచేసే నిజామాబాద్ ఆయన నా మొహం చూసి దగ్గరికొచ్చాడు.

"ఏమైందన్నా? ఇంటికాడ ఎవరికన్న పానం బాగలేదా?"

"ఇంటికాడ కాదు తమ్మీ. మా కోచ్ సారు పోయిండట."

"ఏ ఊరాయన? మనోడేనా?"

ఆయన అమెరికా మనిషి. నా భాష ఆయనకు రాదు, ఆయన భాష నాకు సగమే వచ్చు. ఆయన పేరు తెచ్చుకున్న ఆటను నేను ఒక్కసారి కూడా పెద్ద మైదానంలో చూసి ఎరగను. అయినా "మనోడే" అన్నాను. మిగతాది ఆ మేడ మీద నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

గల్ఫ్ యుద్ధానికి కొంచెం ముందు నేను, మా బావ కలిసి ధహ్రాన్ వచ్చాం. మాది జగిత్యాల వైపు. ఒక కాంట్రాక్టర్ కింద, పెద్ద చమురు కంపెనీ కాంపౌండ్‌లో ఏసీలు, పైపులు బాగుచేసే పని. కంచె లోపల అమెరికాలోని ఏదో ఊరిని తెచ్చి పెట్టినట్టు ఉండేది. పచ్చిక, ఇళ్లు, బడి, వ్యాయామశాల, ఆటస్థలం. కంచె బయట, దూరంగా ఇసుకలో మా లేబర్ క్యాంపు. వ్యాయామశాలకూ ఆటస్థలానికీ కోచ్ సారే పెద్ద. ఇంజినీర్ల పిల్లలకు వాళ్ల దేశపు ఫుట్‌బాల్ నేర్పేవారు.

ఆ ఆట మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది, చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. ఒక జట్టు బంతిని ముందుకు తీసుకుపోవాలి, రెండో జట్టు ఆపాలి. ఆపేవాళ్లు వేరు, తీసుకుపోయేవాళ్లు వేరు. కోచ్ సారు ఆడినన్నాళ్లూ ఆపేవాళ్లలోనే ఉన్నారు. వరసలో ఎడమ చివర. అవతలి జట్టులో బంతి విసిరే ఆటగాడు చెయ్యి ఎత్తేలోపే అడ్డొచ్చిన వాళ్లను తోసుకుంటూ వెళ్లి అతన్ని పడగొట్టాలి. జీతాలిచ్చి ఆడించే పెద్ద జట్టులో దాదాపు పదేళ్లు ఆయన చేసిన పని అదే.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదట ఆయనను చూసింది మాత్రం మా క్యాంపు వెనకాల, ఒక శుక్రవారం సాయంత్రం. సెలవు రోజు కాబట్టి మేం ఇసుకలో గీతలు గీసుకుని కబడ్డీ ఆడుతున్నాం. రోడ్డు మీద పోతున్న జీపు ఆగింది. అందులోంచి తలుపంత మనిషి దిగాడు. నల్లటి మనిషి, గుండు, నెరిసిన గడ్డం. ఒక కాలు ముందుగా నేల మీద పెట్టి, చేత్తో జీపు పట్టుకుని, నెమ్మదిగా రెండోది దించాడు. వచ్చి గీత పక్కన నిలబడ్డాడు. మా బావ కూత మధ్యలో ఆపేశాడు.

"గీయన ఎందుకొచ్చిండు? ఇక్కడ ఆడొద్దంటడా ఏంది?"

"ఏమో బావా. సూస్తుండంతే."

ఆయన చాలాసేపు చూశారు. కూతకు వచ్చినవాణ్ని ముగ్గురు చేతులు కలిపి పట్టడం, ఒకడు చీలమండ దొరకబుచ్చుకోవడం, మిగతావాళ్లు మీద పడి ఊపిరి అయిపోయేదాకా వదలకపోవడం. చూసి చూసి తన రెండు చేతులూ తల మీద పెట్టుకుని నన్ను అడిగారు.

"హెల్మెట్ ఏది? భుజాలకు కట్టుకునేవి ఏవి?"

"ఏమీ లేవు సార్. లుంగీ ఎగ్గట్టుకుంటాం, అంతే."

"అందుకే ఎవరూ తలతో గుద్దడం లేదు" అన్నారు, మాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు. ఆ మాట ఎంత లోతు నుంచి వచ్చిందో ఆ పూట నాకు అర్థం కాలేదు.

తర్వాత బూట్లు విప్పి, పట్టేవాళ్ల వరసలో ఎడమ చివర నిలబడ్డారు. మా బావ నవ్వాపుకుంటూ "ఆడితే ఆడనియ్, గని మీద పడ్డడంటే మనం ఇసుకల కలిసిపోతం" అన్నాడు. అప్పుడు కూతకు వచ్చింది నేనే. ఆయన వంగలేరని చూసి అటువైపే వెళ్లాను. ఎప్పుడు కదిలారో తెలియదు. నా నడుము చుట్టూ ఒక చెయ్యి పడింది. పసిపిల్లను పక్క మీద పడుకోబెట్టినట్టు నన్ను ఇసుక మీద పడుకోబెట్టారు. దెబ్బ తగల్లేదు. లేచి చూస్తే ఆయన నాకంటే ఎక్కువ ఆయాసపడుతూ, నాకంటే ఎక్కువ సంతోషంగా ఉన్నారు.

అప్పటి నుంచి కాంపౌండ్‌లో పనికి పోయినప్పుడల్లా పలకరించేవారు. నన్నూ, బావనూ "బ్రదర్" అనేవారు. ఆయన ఇంగ్లీషులో పాకిస్తానీ డ్రైవర్ల దగ్గర నేర్చిన ఉర్దూ మాటలు దొర్లేవి. నేను వచ్చీరాని హిందీలో, ఇంగ్లీషులో జవాబు చెప్పేవాణ్ని. ఆయన మాటలన్నీ ఇక్కడ నాకు అర్థమైనట్టు తెలుగులో రాస్తున్నాను.

ఆయన చేతుల్లో తిన్నగా ఉన్న వేలు ఒక్కటీ లేదు. ఎడమ చేతి చిటికెన వేలు పక్కకు తిరిగిపోయి, ఎటో దారి చూపిస్తున్నట్టు ఉండేది. టీ కప్పు చెవి పట్టుకోలేక రెండు చేతులతో కప్పును దోసిట్లో పెట్టుకుని తాగేవారు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని, నిచ్చెన దిగినట్టు దిగేవారు. అడిగితే "మోకాళ్లు ఆ జట్టు దగ్గరే వదిలేసి వచ్చాను" అనేవారు. ఇంట్లో గోడ మీద ఆయన ఆడుతున్న ఫోటో ఒక్కటి లేదు. బాత్రూములో పైపు బాగుచేయడానికి పోయినప్పుడు ఆయన భార్యను అడిగాను. మేమంతా ఆమెను మేడమ్ అనేవాళ్లం. "ఒక పెట్టె నిండా ఉన్నాయి. ఆయన తెరవరు, నన్ను పారేయనివ్వరు" అని నవ్వారామె.

తర్వాత యుద్ధం వచ్చింది.

మొదట కువైట్ నుంచి జనం కార్ల మీద పరుపులు కట్టుకుని వచ్చారు. తర్వాత సైనికులు వచ్చారు. కాంపౌండ్‌లో ఆడవాళ్లు, పిల్లలు చాలామంది వెళ్లిపోయారు. బడి మూసేశారు. కోచ్ సారు కూతుర్ని అమెరికా పంపారు. మేడమ్ మాత్రం ఆయనను వదిలి వెళ్లనన్నారు. మేం పోదామన్నా వీల్లేదు. పాస్‌పోర్టులు మమ్మల్ని రప్పించిన యజమాని, కఫీల్ దగ్గర ఉన్నాయి. దేశం దాటడానికి ఎగ్జిట్ కాగితం అడిగితే "పని ఎవరు చేస్తారు?" అన్నాడు కాంట్రాక్టర్ మనిషి. ఇంటి నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. మా బావ ట్రాన్సిస్టర్‌కు చెవి అంటించుకుని కూర్చునేవాడు.

కాంపౌండ్‌లో ఉన్నవాళ్లకు ఇరాక్ క్షిపణుల భయంతో విషవాయువు సోకకుండా ముసుగులు పంచారు. మాకు రాలేదు. కిటికీలకు ప్లాస్టిక్ అంటించుకోమని ఒక చుట్ట ఇచ్చారు. వ్యాయామశాల అడుగున ఉన్న బట్టలు మార్చుకునే పెద్ద గదిని తలదాచుకునే చోటుగా చేశారు. దాని బాధ్యత కోచ్ సారుకే అప్పగించారు.

ఒకరోజు సాయంత్రం, మగ్రిబ్ నమాజు పిలుపు అప్పుడే అయింది. నేను, బావ, మరో ఆరేడుగురం వ్యాయామశాల వెనక గాలి గొట్టాలు బిగిస్తున్నాం. మా ట్రక్కు ఇంకా రాలేదు. సైరన్ మోగింది. అంతకుముందు విన్నవి పరీక్షకు మోగించినవి. ఇది ఆగలేదు. పనిముట్లు అక్కడే పడేసి మెట్ల దగ్గరికి పరుగెత్తాం. కాంపౌండ్‌లో ఉండేవాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు. తలుపు దగ్గర కాపలా మనిషి మమ్మల్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. పక్కన ఆఫీసు అధికారి ఒకాయన ఉన్నాడు.

"కార్డు ఉన్నవాళ్లకే. మీ క్యాంపుకు పొండి" అన్నాడు కాపలా మనిషి.

"క్యాంపు మస్తు దూరమున్నది సార్, బండి లేదు" అని మా బావ తెలుగులోనే అరిచాడు. భయంలో వాడికి వేరే భాష రాలేదు.

అప్పుడే ఒక ఆడమనిషి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. కడప వైపు మనిషి, తర్వాత మేం కడప అక్క అని పిలిచాం. కాంపౌండ్‌లో ఒక సౌదీ ఇంట్లో పనిచేసేది. ఇంటివాళ్లు యుద్ధం మొదలవగానే తాయిఫ్‌లో చుట్టాల ఇంటికి పోతూ, ఇల్లు చూసుకోమని ఆమెను ఉంచి పోయారు. మా బావ అరుపు విని మేం తెలుగువాళ్లమని పోల్చుకుంది.

"అన్నా, నన్ను గూడా రానీలే. కార్డు సూపీమంటాండాడు. నాకేం కార్డుంటాదన్నా? ఆ ఇంట్లో ఒక్కదాన్నే యాడ దాంకునేది?"

లోపలి నుంచి కోచ్ సారు వచ్చారు. కాపలా మనిషి చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు దించారు. ఇనుప తలుపును పూర్తిగా తెరిచి, దానికి వీపు ఆనించి నిలబడ్డారు.

"రండి. తోసుకోవద్దు. ముందు ఆమె."

అధికారి గట్టిగా అన్నాడు. "వీళ్లు లెక్కలో లేరు. లోపల చోటు లేదు. ముసుగులు లేవు. రేపు దీనికి నువ్వే జవాబు చెప్పాలి."

"చెబుతాను" అన్నారు కోచ్ సారు. "ఈ తలుపు నాకిచ్చారు. ఇది మూసే ముందు బయట ఎవరూ ఉండకూడదు. అంతే నాకు తెలిసింది."

మేం లోపలికి పోయాం. వెనక నుంచి ఇంకా ఇద్దరు బెంగాలీ స్వీపర్లు వచ్చారు. అందరూ వచ్చాక బయట మరోసారి చూసి, అప్పుడు తలుపు మూశారు.

లోపల అందరూ నేల మీద కూర్చున్నారు. ముసుగులు పెట్టుకుంటే మనుషులు పురుగుల్లా కనిపిస్తారు. కడప అక్క చెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కోచ్ సారు తన ముసుగు తీసి ఆమెకు తొడిగి, పట్టీలు బిగించారు. ఆమె వద్దని చెయ్యి ఊపితే, "నా తలకు సరిపోయే హెల్మెట్ దొరక్క మా జట్టువాళ్లు ప్రత్యేకంగా చేయించేవాళ్లు. ఇది నాకెక్కడ పడుతుంది?" అన్నారు. నేను ఆమెకు తెలుగులో చెప్పాను. ఆ ముసుగు ఆయన కొలతకే తెప్పించిందని చాలా రోజుల తర్వాత మేడమ్ చెప్పారు. కోచ్ సారు మాకు తడి తువ్వాళ్లు ఇచ్చి ముక్కుకు, నోటికి ఎలా కట్టుకోవాలో చూపించారు. తనూ ఒకటి కట్టుకుని మా పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నారు.

దూరంగా ఏదో పగిలింది. గోడలు కదిలాయి. దీపం ఊగింది. మా బావ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏదో ఒకటి మాట్లాడకపోతే పిచ్చెక్కేట్టు ఉందని నేనే అడిగాను.

"సార్, ఆటలో మీకు భయం ఉండేదా?"

ఆయన తువ్వాలు కొంచెం కిందికి లాగి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ల నాన్న రంపపు మిల్లులో కూలి. బడిలో ఉండగానే ఆయన ఒళ్లు చూసి ఆటలోకి లాగారు. ఆట వల్లే కాలేజీ చదువు దొరికింది. మొట్టమొదటిసారి పెద్ద జట్టుతో మైదానంలోకి వెళ్లిన రోజు, నిండిన స్టేడియం అరుపుకు ఛాతీ లోపల ఎముకలు మోగాయట.

"భయం ఉండేది. దెబ్బ తగులుతుందని కాదు. నా చోటు పోతుందని. నా వెనక బెంచీ మీద ఒకడు ఎప్పుడూ ఎదురుచూస్తూ ఉంటాడు. నేను కుంటితే వాడొస్తాడు. అందుకని ఎవరమూ కుంటేవాళ్లం కాదు. మోకాలికి సూది పొడిపించుకుని పోయేవాణ్ని. తల దిమ్మెక్కితే ఘాటు వాసన సీసా ముక్కు దగ్గర పెట్టి, ఎన్ని వేళ్లు అని అడిగేవాళ్లు. ఏదో ఒక సంఖ్య చెప్పి మళ్లీ వరసలో నిలబడేవాణ్ని."

"మరి ఎందుకు మానేశారు సార్?"

"మానలేదు. ఒక పొద్దున ఒకడొచ్చి నా గది తలుపు కొట్టి, పెద్ద కోచ్ పిలుస్తున్నాడు, ఎత్తుగడలు రాసిన ఆట పుస్తకం తీసుకుని రా అన్నాడు. పుస్తకం తెమ్మన్నారంటే మాకు అర్థమైపోతుంది. పని అయిపోయింది. ఆయన నా మొహం చూడలేదు, కిటికీలోంచి మైదానం చూస్తూ మాట్లాడాడు. బయటికొస్తే నా అల్మారా మీద నా పేరు చెరిపేసి ఉంది. సంచిలో బట్టలు సర్దుకున్నాను. ఎవరూ పలకరించలేదు. వాళ్ల తప్పు కాదు. అది అంటుకునే జబ్బులా చూస్తారు."

ఆ తర్వాత ఆయన చమురు బావుల దగ్గర భద్రతా పనిలో చేరారు. అలా ధహ్రాన్ వచ్చారు. ఇదంతా చెబుతూ ఆయన గొంతు పెంచలేదు, తగ్గించలేదు. అంతా అయ్యాక మా బావ నా చెవిలో "గింత పెద్ద మనిషిని గట్ల ఎట్ల పంపుతరు రా?" అన్నాడు. అది విని ఏమన్నాడని ఆయన అడిగారు. చెప్పాను. ఆయన బావ భుజం మీద చెయ్యి వేశారు. ప్రమాదం తప్పిందన్న సైరన్ మోగేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

ఆఫీసు అధికారి మాట నిలబెట్టుకున్నాడు. యుద్ధం ముగిసి జనం తిరిగొచ్చాక విచారణ అన్నారు. పొరపాటు చేశానని ఒప్పుకుంటే సరిపోతుందని ఎవరో పెద్దమనిషి సలహా ఇచ్చారట. ఆయన ఒప్పుకోలేదు. ఆయన చేతిలోంచి వ్యాయామశాల తీసేశారు. పిల్లల జట్టు తీసేశారు. కాంట్రాక్టు కూలీలకు భద్రత నేర్పే ఆవరణకు మార్చారు. కంచెకు ఆ చివర, నాలుగు షెడ్లు, ఒక ఇసుక గొయ్యి.

దాన్ని ఆయన నవ్వుతూ తీసుకున్నారని చెబితే అబద్ధం. సాయంత్రాలు పిల్లలు ఆడుకుంటుంటే ఆటస్థలం బయట, కంచె ఇవతల నిలబడి చూసేవారు. ఒకసారి నేను పక్కన నిలబడితే అన్నారు, "జట్టులోంచి నన్ను తీసేయడం ఇది రెండోసారి. మొదటిసారి నా మోకాళ్లు పోయాయి. ఈసారి నాలో ఏదీ పోలేదు. అయినా నొప్పి అంతే ఉంది."

అసలు ఆ సాయంత్రం తలుపు దగ్గర ఆయన అంత నిబ్బరంగా ఎలా ఉన్నారని మేడమ్‌ను అడిగాను. ఆమె చెప్పారు. వాళ్ల చిన్నతనంలో అమెరికాలో వాళ్ల ఊరి సినిమా హాలుకు రెండు తలుపులుండేవి. తెల్లవాళ్లకు ముందుది, వీళ్లలాంటి నల్లవాళ్లకు సందులోది. ఒకసారి వాన పడుతుంటే ఆయన తల్లి ముందు తలుపు చూరు కింద నిలబడిందని అక్కడి మనిషి అరిచి వానలోకి పంపాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆయన తడుస్తూ ఇంటికి పోయారు. "ఆ సంగతి ఆయన నాకు పెళ్లయిన చాలా ఏళ్లకు చెప్పారు. మీకు నేను చెప్పానని అనకండి" అన్నారామె. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి రాస్తున్నాను.

భద్రత ఆవరణలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు వందల్లో ఉంటారు. మనవాళ్లు, పాకిస్తానీలు, బెంగాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు. నడుముకు తాడు ఎలా కట్టుకోవాలి, నిచ్చెన ఎలా నిలపాలి అన్నీ చెప్పేవారు. కానీ ఆయన సొంతంగా చేర్చిన పాఠం ఒకటుంది. పడటం. ఇసుక గొయ్యి పక్కన చెక్క అరుగు వేయించి, దాని మీంచి మమ్మల్ని పడమనేవారు.

"తాడు ఉంటుంది. అయినా ఒకరోజు తాడు ఉండదు. ఆ రోజు కోసం ఇది. చేతులు చాపొద్దు, విరుగుతాయి. గడ్డం ఛాతీకి ఆనించు. తిరుగు. భుజం ముందు, తర్వాత తుంటి. తల ఎప్పుడూ నేలకు తగలకూడదు. తల ఒక్కటే ఉంది."

మా బావకు ఇదంతా తమాషాగా ఉండేది. "పడకుంట ఉండుడు నేర్పాలె గని, పడుడు నేర్పుతడేంది?" అనేవాడు. అయినా మా అందరిలో బాగా పడేది వాడే. కోచ్ సారు వాణ్ని ముందు నిలబెట్టి కొత్తవాళ్లకు చూపించేవారు.

కొన్నేళ్లకు బావ వేరే కాంట్రాక్టర్ దగ్గర చేరి జిజాన్ పోయాడు. రేవు పనుల్లో. ఒకరోజు అక్కడి నుంచి ఫోను. వాడితో పనిచేసేవాడు మాట్లాడాడు. పరంజా మీద చెక్క జారి బావ పడిపోయాడని, ఆసుపత్రిలో ఉన్నాడని. మా అక్కకు ఏం చెప్పాలి? తర్వాత బావే ఫోన్ తీసుకున్నాడు.

"భయపడకురా. భుజం బొక్క ఇరిగింది, పక్కటెముకలు రెండు. తలకేం కాలే. పడేటప్పుడు నాకు ఏం యాదికి రాలే గని, ఒళ్లే తిరిగింది. సారుకు చెప్పు."

అప్పటికప్పుడే ఆవరణకు పోయి చెప్పాను. కోచ్ సారు మొదట అడిగిన మాట "తల?" అని. ఏమీ కాలేదన్నాను. ఆయన అరుగు మీద కూర్చుండిపోయారు. అంత పెద్ద మనిషి కళ్లు తుడుచుకోవడం చూడలేక నేను అటు తిరిగాను. తర్వాత అన్నారు.

"పదేళ్లు నేను ఎంతమందిని పడగొట్టానో లెక్క రాశారు బ్రదర్. పత్రికల్లో వేశారు. పడ్డవాడు లేచాడా లేదా అని ఎవరూ రాయలేదు. నేనూ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మెత్తబడతావు అని చెప్పేవాళ్లు."

ఆయన ఆట గురించి నాతో అంత బాధగా మాట్లాడింది ఆ ఒక్కసారే. ఆటను ద్వేషించారని కాదు. శాటిలైట్ టీవీ వచ్చాక ఆ ఆట వస్తే కదలకుండా చూసేవారు. ఎడమ చివర ఆడేవాడి మీదే చూపు ఉండేది. వాడు తల వంచి దూకితే మాత్రం "పైకి, తల పైకి" అని టీవీతో చెప్పేవారు.

ఆయనలో మార్పు ఎప్పుడు మొదలైందో నేను చెప్పలేను. ఒకే మాట రెండోసారి చెప్పడం, టీ తాగాక మళ్లీ టీ అడగడం, ఇవన్నీ వయసు అనుకున్నాం. ఒకరోజు పాఠం మధ్యలో ఆగి, చేతిలోని తాడును చూస్తూ ఉండిపోయారు. దాన్ని ఏమంటారో ఆయనకు గుర్తు రాలేదు. ఎవరో కొత్తవాడు నవ్వాడు. కోచ్ సారు కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టారు. ఆయనకు కోపం రావడం అంతవరకు మేం చూడలేదు. కాసేపటికి ఆ నవ్వినవాడి దగ్గరికి పోయి, రెండు చేతులూ పట్టుకుని, "అది నేను కాదు. క్షమించు" అన్నారు.

గేటు నుంచి ఇంటికి దారి మర్చిపోవడం మొదలయ్యాక, సాయంత్రాలు నేను ఆయన వెంట నడిచి ఇంటిదాకా దింపేవాణ్ని. ఆయనకు చిన్నతనం అనిపించకూడదని, ఇంట్లో ఏసీ చూడాల్సిన పని ఉందని చెప్పేవాణ్ని. కొన్నాళ్లు నమ్మారు. ఒకరోజు ఇంటి ముందు ఆగి నవ్వారు.

"నా ఇంట్లో ఏసీ బాగానే పనిచేస్తోంది బ్రదర్. చెడిపోయింది ఇది" అని వేలితో తల తాకి చూపించారు. "తలతో గుద్దమన్నారు. గుద్దాను. హెల్మెట్ ఉంది కదా, ఏమీ కాదనుకున్నాను. మీ ఆటలో వట్టి తల. అందుకని తలను కాపాడుకున్నారు. మాకు గట్టి టోపీ పెట్టి, తలనే ఆయుధం చేశారు."

అప్పటికి ఆ జబ్బుకు డాక్టర్లు ఒక పేరు పెట్టి చెప్పలేదు. తర్వాతి కాలంలో ఆయనతో ఆడినవాళ్లలో చాలామందికి ఇలాగే అయిందని కూతురు చెప్పింది. మాట ఇంకా వశంలో ఉన్న రోజుల్లోనే ఆయన కాగితం మీద సంతకం పెట్టారట, తాను పోయాక మెదడును పరీక్షలు చేసే డాక్టర్లకు ఇవ్వమని. మొన్న అలాగే ఇచ్చారు. ఆడుకునే పిల్లలకు ఏదైనా మేలు జరగవచ్చని.

ఆయన ధహ్రాన్ వదిలిన రోజు నేను దమ్మామ్ విమానాశ్రయానికి పోయాను. బావ రాలేకపోయాడు, ఫోన్‌లో మాట్లాడాడు. "సార్, నేను బాగున్న సార్" అని తెలుగులోనే అన్నాడు. కోచ్ సారు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని విని, తల ఊపి, నాకు తిరిగిచ్చారు. ఎవరు మాట్లాడారని అడగలేదు.

మేడమ్ పాస్‌పోర్టులు చూపిస్తున్నంతసేపు నేను ఆయన పక్కన నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గడ్డం నున్నగా గీయించారు. నా వైపు మర్యాదగా, కొత్త మనిషి వైపు చూసినట్టు చూశారు. "మీరూ ప్రయాణమా?" అని అడిగారు. "లేదు సార్, మిమ్మల్ని పంపడానికి వచ్చాను" అన్నాను. "చాలా సంతోషం" అన్నారు. ఆయన పాదాలు తాకుదామనుకున్నాను. అది ఆయనకు అర్థం కాక కంగారు పడతారేమోనని ఊరుకుని, చేతులు జోడించాను.

ఇద్దరూ లోపలికి నడిచారు. అడ్డుకట్ట ఇవతల మేం చాలామందిమి ఉన్నాం. ఎవరి కోసమో వచ్చిన సౌదీ కుటుంబం ఒకటి, బెంగాలీ కూలీల గుంపు ఒకటి, పసిపిల్లను ఎత్తుకున్న ఒక ఫిలిప్పీన్స్ ఆమె. అద్దాల తలుపు దగ్గర మేడమ్ ఆగి, వెనక ఎవరో వీడ్కోలు చెబుతున్నారని ఆయనకు చూపించారు. ఆయన తిరిగారు. ఆ జనంలో తాను ఎవరికి చెప్పాలో ఆయనకు తెలియలేదు. ఒక చివర నుంచి మరో చివరకు ఒక్కొక్క మొహమే ఓపికగా చూశారు. నా మొహం దగ్గర ఆగలేదు. తర్వాత ఆ పెద్ద చెయ్యి తల పైకి ఎత్తి, నెమ్మదిగా, అందరికీ ఊపారు. బెంగాలీ కూలీలు ఊపారు. సౌదీ ముసలాయన ఊపాడు. పసిపిల్ల చెయ్యి పట్టుకుని తల్లి ఊపించింది. ఆ అందరిలో ఒకడిగా నేనూ చెయ్యి ఊపుతూ నిలబడ్డాను.